ఆగి కదిలేటప్పుడు ఎక్కిళ్లు పెట్టే పాత ఫోర్డ్ పికప్: కార్బ్యురేటర్ మార్చాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి, 360 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, రెండు బ్యారెళ్ల (అంటే గాలి లోపలికి పోయే రెండు దారుల) కార్బ్యురేటర్ ఉన్న మీ 1972 ఫోర్డ్ ఎఫ్-100 నిలకడ వేగంలో బాగానే నడుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఒకసారి దగ్గి, ఆ తర్వాతే అందుకుంటోంది. కార్బ్యురేటర్ తీసేసి నాలుగు బ్యారెళ్లది కొత్తది పెట్టాలా అన్నది మీ ప్రశ్న. ఇప్పుడే వద్దు. డాలస్ శివార్లలో ఉంటున్న నేను ఇదే ఇంజనున్న 1971 ఎఫ్-100ను ఒక ముసలి రైతు దగ్గర కొని, ఇదే జబ్బుతో దాదాపు ఒక వేసవి మొత్తం కుస్తీ పట్టాను. ఆ వేసవిలో సగం కాలం వృథా కావడానికి కారణం నా పాత స్కూటర్ అనుభవమే.

మా ఊళ్లో చేతక్ నడిపిన రోజుల్లో బండి పికప్ తగ్గితే కార్బ్యురేటర్లో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న జెట్ విప్పి, నోటితో ఊది, మళ్లీ బిగిస్తే చాలు. ఆ స్కూటర్ కార్బ్యురేటర్లో యాక్సిలరేటర్ పంపు అనే భాగమే ఉండదు కనుక అక్కడ ఆ వైద్యం సరిపోయేది. ఈ ఫోర్డ్ కార్బ్యురేటర్ సంగతి వేరు. మీరు పెడల్ ఒక్కసారిగా తొక్కినప్పుడు గాలి వెంటనే లోపలికి దూసుకుపోతుంది. గాలి కన్నా బరువైన పెట్రోలు అంత తొందరగా కదలదు, పైగా మిశ్రమాన్ని ఇంజనులోకి తీసుకెళ్లే మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్, అంటే పీల్చే బలం, పడిపోవడంతో కొంత పెట్రోలు గోడలకు తడిగా అంటుకుపోతుంది. ఆ క్షణంలో పలచబడిన మిశ్రమాన్ని సరిచేయడానికే పంపు అదనంగా ఒక ధారను చిమ్ముతుంది. ఆ ధార ఆలస్యమైనా, తగ్గినా ఇంజను దగ్గుతుంది. నేను మాత్రం జెట్లను రెండుసార్లు కడిగి, పంపును ఒక్కసారి కూడా చూడలేదు.

పంపును పరీక్షించడానికి ఏదీ విప్పనక్కరలేదు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ఎయిర్ క్లీనర్ తీసి, గాలిదారి పైన మూతలా ఉండే చోక్ రేకును వేలితో తెరిచి పట్టుకుని, టార్చి వేసి లోపలికి చూస్తూ రెండో చేత్తో థ్రాటిల్ లివర్‌ను కదపండి. లివర్ కదలడం మొదలైన క్షణంలోనే రెండు బ్యారెళ్లలోకీ సన్నని, బలమైన ధార పడాలి. నా బండిలో ఒకవైపు ధార పడింది, రెండోవైపు చెమట పట్టినట్టు చుక్కలు మాత్రమే కారాయి. ఇంజను తిప్పుతున్నప్పుడు మాత్రం ఎవరూ ఆ నోటిమీదికి వంగి చూడకూడదు. ఎగదన్నే మంట ఎలా ఉంటుందో నా కనుబొమ్మలకు తెలుసు.

ధార సరిగా లేకపోతే కార్బ్యురేటర్ ముందువైపు నాలుగు స్క్రూలతో ఉన్న మూతను తీయండి. కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవుండే పాత్రలోంచి కొంత కారుతుంది కనుక కింద గుడ్డ పరిచి ఉంచండి. మూత వెనక రబ్బరు డయాఫ్రం, స్ప్రింగు ఉంటాయి. నా డయాఫ్రం ఎండిన మామిడి తాండ్రలా బిరుసెక్కి, అంచు దగ్గర చీలిపోయి ఉంది. ఇప్పుడు అమెరికాలో అమ్మే పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా కలిసే ఇథనాల్ పాతకాలపు రబ్బరుకు పడదు కాబట్టి, ఇథనాల్‌ను తట్టుకునేదని రాసి ఉన్న కిట్‌నే కొనండి. అదే గదిలో పుట్టగొడుగు ఆకారంలో ఒక చిన్న రబ్బరు వాల్వు కూడా ఉంటుంది. అది గట్టిపడితే పంపు నెట్టిన పెట్రోలు నాజిల్ వైపు పోకుండా తిరిగి పాత్రలోకే పోతుంది. చాలామంది డయాఫ్రం మార్చి, దీన్ని పాతదే వదిలేసి, పని కాలేదని తల పట్టుకుంటారు.

ఒకవైపు నాజిల్ పూడుకుపోయి ఉంటే మధ్యలోని స్క్రూ తీసి నాజిళ్లున్న భాగాన్ని (బూస్టరును) పైకి లేపాలి. దాని కింద మిరియపు గింజంత ఉక్కు గోళీ, దానిమీద ఒక చిన్న బరువు ఉంటాయి. ఇది తెలియక నేను కార్బ్యురేటర్‌ను బోర్లించాను. ఆ గోళీ గ్యారేజీలో ఎక్కడికో దొర్లిపోయి, అయస్కాంతంతో నేలంతా తడిమితే రెండు గంటలకు వాటర్ హీటర్ కింద దొరికింది.

అయితే పంపు బాగైన తర్వాత కూడా నా బండి ఎక్కిళ్లు సగమే తగ్గాయి. మిగతా సగానికి కారణం కార్బ్యురేటర్ కానే కాదు, ప్లగ్గులకు స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కనుండే వ్యాక్యూమ్ అడ్వాన్స్. దాని గొట్టాన్ని కార్బ్యురేటర్ వైపు ఊడదీసి నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టుకుంటే డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించి ఉండే పళ్లెం కదిలి అలాగే నిలవాలి. నేను పీలిస్తే స్ట్రాతో ఖాళీ గ్లాసు పీల్చినట్టు గాలి వచ్చింది, అంటే లోపలి పొర చిరిగిపోయింది. థ్రాటిల్ కొంచెం తెరుచుకున్నప్పుడు స్పార్కును ముందుకు జరపవలసింది అదే కనుక, అది పనిచేయకపోతే బండి కదిలే క్షణంలోనే ఇంజను బద్ధకిస్తుంది. దాన్ని మార్చి, గొట్టం తీసి చివర మూసి, బానెట్ కింది స్టిక్కరు మీదున్న డిగ్రీకి స్పార్కు టైమింగ్ సరిచేశాక బండి పూర్తిగా దారికి వచ్చింది.

జబ్బు ఏవైపుదో తేల్చడానికి ఇంకొక చిట్కా చెబుతాను. ఇంజను వేడెక్కాక కూడా చోక్‌ను కొద్దిగా మూసినప్పుడు దగ్గు తగ్గితే పెట్రోలు చాలడం లేదన్నమాట. అప్పుడు పంపుతో పాటు కార్బ్యురేటర్ కింది గాస్కెట్ దగ్గర గాలి లీకును కూడా చూడండి. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ, పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు ఎక్కువైందని అర్థం. అప్పుడు పాత్రలో పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్‌ను, ఇంజను మీద బరువు పడినప్పుడు అదనపు పెట్రోలు ఇచ్చే, అడుగునుండే పవర్ వాల్వును అనుమానించాలి. క్యాబిన్‌లో సీటు వెనక వచ్చే వాసనను మాత్రం ఈ లెక్కలో కలపకండి. ఈ బండ్లలో ట్యాంకు అక్కడే ఉంటుంది కనుక ఆ వాసన మూత వాషరుదో, గొట్టానిదో అయి ఉంటుంది. అది వేరే పని, కానీ వాయిదా వేయదగిన పని కాదు.

ఇక నాలుగు బ్యారెళ్ల సంగతి. మీ మానిఫోల్డ్ రెండు బ్యారెళ్లకు చేసినది. అడాప్టరుతో పెద్దది బిగిస్తే తక్కువ వేగంలో దానిగుండా పోయే గాలి మందగించి, ఈ ఎక్కిళ్లు తగ్గడానికి బదులు పెరగవచ్చు. పాతదాన్ని ఇచ్చి మరమ్మతు చేసినది తెచ్చుకోమని దుకాణంవాళ్లు అంటారు. నేను ఒకసారి అలాగే తెచ్చుకుంటే అందులో రెండు మూడు రకాల కార్బ్యురేటర్ల భాగాలు కలిసి ఉన్నాయి. మీ కార్బ్యురేటర్ పైమూత స్క్రూ కింద చిన్న రేకు బిళ్ల ఇంకా ఉంటే, దానిమీది అంకెలను ఫోటో తీసి పెట్టుకోండి. సరైన కిట్ అడగడానికి దుకాణంలో మీకు పనికివచ్చే ఆధారం అదే.