ప్రొపెల్లర్ కొనే ముందు ఆర్పీఎం చూడు

అల్లుడూ,

తడలో నీ ఫైబర్ పడవకు 9.9 హార్స్‌పవర్ ఇంజన్ బిగించావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం. పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే స్పీడు పెరుగుతుందని ఎవరో చెప్పారట, దానికోసం చెన్నై పోతానంటున్నావట. కాస్త ఆగు. ముందు ఇది చదువు.

ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు గుద్ది ఉంటాయి. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొసలు గీసే వలయం వెడల్పు. రెండోది పిచ్. ఒక చుట్టు తిరిగితే, నీళ్లలో అసలు జారకపోతే, పడవ ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్క. నీ ఇంజన్ సైజుకు ఎంత వ్యాసం ఉండాలో కంపెనీవాళ్లే దాదాపు ఖాయం చేసేశారు. దాని జోలికి పోకు. నువ్వు తేల్చుకోవాల్సింది పిచ్.

పిచ్ పెరిగితే స్పీడు పెరగడం నిజమే, ఇంజన్ ఆ భారాన్ని లాగగలిగితే. వెనకాల మనిషిని ఎక్కించుకుని తిరుమల ఘాట్ రోడ్డును టాప్ గేర్‌లోనే ఎక్కాలని చూస్తే బైకు ఎలా మూలుగుతుందో నీకు తెలుసు. ఎక్కువ పిచ్ వేసిన ఇంజన్ పని కూడా అంతే. థ్రాటిల్ మొత్తం తిప్పినా ఆర్పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, ఎక్కదు, లోపల కార్బన్ పట్టేస్తుంది, పెట్రోలు మాత్రం తాగేస్తుంది. మరీ తక్కువ పిచ్ వేశావా, పడవ చురుగ్గా లేస్తుంది గానీ ఇంజన్ హద్దు దాటి తిరుగుతుంది. రెండూ ఇంజన్‌కు చేటే.

ఆ హద్దు నీ ఇంజన్ మాన్యువల్లో రాసి ఉంటుంది. ఈ సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి ఫుల్ థ్రాటిల్‌లో 5000 నుంచి 6000 ఆర్పీఎం మధ్య ఉండాలంటారు. ప్లగ్ వైరుకు చుట్టి పెట్టుకుంటే ఆర్పీఎం చూపించే చిన్న డిజిటల్ టాకోమీటర్లు దొరుకుతాయి, ఖరీదు పెద్దగా ఉండదు. ప్రొపెల్లర్ కంటే ముందు అది కొను.

టెస్టు ఖాళీ పడవతో చేయకు. నువ్వు రోజూ తీసుకుపోయేది ఎంతో అంతా ఎక్కించు: వలలు, ఐస్ పెట్టె, ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు. గాలికి ఎదురుగా ఒకసారి, గాలివాలుగా ఒకసారి ఫుల్ థ్రాటిల్ ఇచ్చి అంకె రాసుకో. మన పులికాట్ సరస్సులో ఇక్కడే ఒక చిక్కుంది. చాలాచోట్ల మీటరు లోతు కూడా ఉండదు. నీళ్లు అంత పలచగా ఉన్నచోట అడుగు దగ్గరై పడవ వెనక భాగం కుంగుతుంది, నీళ్లే వెనక్కి పట్టి లాగినట్టుంటుంది, ఆర్పీఎం తప్పుగా తక్కువ చూపిస్తుంది. అందుకని ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండాక, లోతున్న చోట చూసుకుని చెయ్యి. అది పక్షులు వచ్చే కాలం కూడా. ఫ్లెమింగోలు దిగేచోట మాత్రం ఇంజన్ మోత పెట్టకు, అటవీ శాఖ వాళ్లతో తగువు మనకెందుకు.

అంకె 5500 చుట్టుపక్కల, లేదా కొంచెం పైన వచ్చిందనుకో, ఉన్న ప్రొపెల్లరే సరైంది. డబ్బులు జేబులోనే ఉంచుకో. 5000 దగ్గరే ఆగిపోతే పిచ్ తగ్గించాలి. అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్పీఎం పెరుగుతుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే. ఆ లెక్కన రెండు అంగుళాలు తక్కువది వేసి చూడాలి. 6000 దాటి అరుస్తుంటే ఒక అంగుళం పెంచాలి.

నీకు లెక్కలంటే పడదు గానీ ఇదొక్కటి చెయ్యి. ఇంజన్ 5500 తిరుగుతోంది, గేర్ రేషియో 2.08 అనుకో, అంటే ఇంజన్ 2.08 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2644 చుట్లు తిరుగుతుంది. పిచ్ 9 అంగుళాలైతే గంటకు 36 కిలోమీటర్లు పోవాలి. ఫోన్లో జీపీఎస్ 25 చూపిస్తే తేడా 30 శాతం, అదే జారుడు. బరువు పడవకు ఆ మాత్రం వింతేమీ కాదు. 50 శాతం దాటితే మాత్రం రెక్క వంగిందో, ఇంజన్ ఎత్తు తప్పిందో చూడాలి.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. ప్రొపెల్లర్ పైన అడ్డంగా పలకలాంటిది ఉంటుంది కదా, అది పడవ అడుగుకు సమానంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే మలుపులో ప్రొపెల్లర్ గాలిని పీల్చుకుంటుంది, ఇంజన్ కీచుమంటుంది, పడవ కదలదు. అప్పుడు ప్రొపెల్లర్‌ను తిట్టి లాభం లేదు. పడవ వెనక చెక్క ఎత్తు కొలువు. 15 అంగుళాలైతే కాడ పొట్టిగా ఉండే షార్ట్ షాఫ్ట్ ఇంజన్, 20 అయితే కాడ పొడుగ్గా ఉండే లాంగ్ షాఫ్ట్ ఇంజన్ ఉండాలి.

మెటీరియల్ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు, అల్యూమినియమే. స్టెయిన్‌లెస్ స్టీల్ నిగనిగలాడుతుంది, బలంగానూ ఉంటుంది. మన సరస్సులో అదే ఇబ్బంది. ఏ కర్రమొద్దుకో తగిలితే అది వంగకుండా దెబ్బను గేర్లకు పంపిస్తుంది. అల్యూమినియం రెక్క వంగితే సరిచేయించుకోవచ్చు. మూడు రెక్కలది చాలు.

కొనేటప్పుడు పాతది విప్పి వెంట తీసుకుపో. లోపల షాఫ్ట్‌ను పట్టుకునే స్ప్లైన్ పళ్లు ఎన్నో లెక్కపెట్టి సరిపోల్చు. అంకెలు ఒకటే అయినా పళ్లు కలవకపోతే షాఫ్ట్ మీద కూర్చోదు. విప్పేముందు ప్లగ్ వైరు తీసెయ్, రెక్కకూ పలకకూ మధ్య చెక్కముక్క అడ్డం పెట్టు. లోపలి థ్రస్ట్ వాషర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోటో తీసుకో. బిగించేటప్పుడు షాఫ్ట్‌కు వాటర్‌ప్రూఫ్ గ్రీజు రాయి, ఉప్పునీళ్లకు పట్టేయకుండా ఉంటుంది. నట్టు ఊడకుండా కొత్త స్ప్లిట్ పిన్ వెయ్యి. ప్రొపెల్లర్ వెనక నైలాన్ వల దారం చుట్టుకుంటే సీలును కోసేస్తుంది, నీళ్లు గేర్ ఆయిల్లోకి పోతాయి. అప్పుడప్పుడూ విప్పి చూడు. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే పడవ దించకు.

టెస్టు చేశాక ఆర్పీఎం, స్పీడు, పాత ప్రొపెల్లర్ మీది అంకెలు వాట్సాప్‌లో పెట్టు. అవి చూసి ఏ పిచ్ కొనాలో చెబుతా. అవసరమైతే చెన్నైకి ఇద్దరం కలిసే పోదాం.

మీ మామ