పాఠకుల ప్రశ్నలు: టెర్మినల్ నుంచి సీఎన్‌సీ కంట్రోలర్‌కు ఆదేశాలు

ప్రశ్న: చెక్కపై నగిషీలు చెక్కడానికి కంప్యూటర్ ఆదేశాలతో కదిలే ఒక చిన్న సీఎన్‌సీ యంత్రాన్ని సమకూర్చుకున్నాను. దాన్ని నడిపే ఆర్డుయినో ఊనో బోర్డులో జీఆర్‌బీఎల్ 1.1 అనే నియంత్రణ ప్రోగ్రాము ఉంది. లినక్స్ టెర్మినల్‌లో సీరియల్ పోర్టుతో మాట్లాడే పికోకామ్ ప్రోగ్రాము ద్వారా 115200 బాడ్ వేగంతో కలిపితే స్వాగత వాక్యం వస్తోంది కానీ, నేను టైపు చేసే అక్షరాలు తెరపై కనిపించడం లేదు. కదలమని ఏ ఆదేశమిచ్చినా 9వ నంబరు ఎర్రర్ వస్తోంది. యంత్రానికి పడిన లాక్ తీసి, కదలికల ఆదేశాలుండే జీ-కోడ్ ఫైలు మొత్తాన్ని ఒకేసారి పేస్ట్ చేస్తే, కొంతసేపటికి వరుసగా ఎర్రర్లు వచ్చాయి. బోర్డు పాడైందంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: స్వాగత వాక్యం చదవగలిగేలా వస్తోందంటే కేబులు, పోర్టు, వేగం మూడూ సరిగ్గా ఉన్నట్టే, బోర్డును అనుమానించనక్కర్లేదు. అందుకున్న అక్షరాలను తిరిగి పంపే అలవాటు జీఆర్‌బీఎల్‌కు లేదు కాబట్టి మీరు టైపు చేసినవి కనిపించవు. పికోకామ్‌లో కంట్రోల్-ఏ, ఆ వెంటనే కంట్రోల్-సీ నొక్కితే లోకల్ ఎకో మొదలై, మీరు టైపు చేసినవి తెరపై కనిపిస్తాయి.

యంత్రం లాక్ అయి ఉన్నప్పుడు జీ-కోడ్ పంపితే వచ్చేదే 9వ ఎర్రర్. రెండు డాలర్ గుర్తులు ($$) టైపు చేసి ఎంటర్ నొక్కితే సెట్టింగులన్నీ వస్తాయి. వాటిలో $22 విలువ 1గా ఉంటే, కరెంటు ఇచ్చిన ప్రతిసారీ హోమింగ్ (యంత్రం తన మొదలు స్థానాన్ని కనుక్కోవడం) అయ్యేదాకా యంత్రం కదలదు. స్టెప్పర్ మోటార్లు తామెక్కడున్నాయో చెప్పలేవు కనుక ఈ జాగ్రత్త అవసరమే. డాలర్ గుర్తు పక్కన హెచ్ టైపు చేస్తే యంత్రం కదలిక హద్దుల్లో ఉండే లిమిట్ స్విచ్‌ల దాకా వెళ్లి తన స్థానాన్ని తెలుసుకుంటుంది. హెచ్ బదులు ఎక్స్ టైపు చేస్తే లాక్ మాత్రమే పోతుంది, స్థానం తెలియకుండానే ఉంటుంది. స్విచ్‌లున్న యంత్రానికి మొదటిదే వాడండి.

ఇక అసలు సమస్య పేస్ట్ చేయడంలో ఉంది. ఊనోపై జీఆర్‌బీఎల్ వచ్చే అక్షరాలను నిలవ ఉంచుకునే బఫర్ 128 బైట్లే. ఒక్కో వరుసను చదివి 'ఓకే' అనో, ఎర్రర్ నంబరో జవాబిస్తుంది; ఆ జవాబు కోసం ఆగకుండా ఫైలంతా కుమ్మరిస్తే బఫర్ నిండి మధ్యలో అక్షరాలు రాలిపోతాయి, అంకెలు తెగిన వరుసలు మిగులుతాయి. కొన్నిసార్లు అలా తెగిన వరుస కూడా చెల్లుబాటయ్యే ఆదేశంగానే కనిపించి, కత్తిని తప్పుచోటికి నడిపిస్తుంది. ఎర్రర్ కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం. అందువల్ల టెర్మినల్‌ను పరిశీలనకు, ఒక్కొక్క ఆదేశానికి ఉంచుకుని, ఫైళ్లను జవాబు చూసి పంపే సెండర్ ప్రోగ్రాముకు అప్పగించండి.

'ఓకే' వచ్చిందంటే కదలిక పూర్తయిందని అర్థం కాదు; వరుసను చదివి, కదలికైతే చేయాల్సిన కదలికల జాబితాలో (ప్లానర్) చేర్చుకుందని మాత్రమే. పని నిజంగా అయిందో లేదో తెలియాలంటే ప్రశ్నార్థకం (?) నొక్కండి, ఎంటర్ అక్కర్లేదు, స్థితి, స్థానం వెంటనే వస్తాయి. ఆశ్చర్యార్థకం (!) కదలికను నెమ్మదింపజేసి ఆపుతుంది, స్థానం చెదరదు, టిల్డే (~) తిరిగి నడిపిస్తుంది. కంట్రోల్-ఎక్స్ రీసెట్ చేస్తుంది కానీ, కదులుతుండగా వాడితే స్థానంపై నమ్మకం ఉండదు, మళ్లీ హోమింగ్ చేయాలి. ఆశ్చర్యార్థకంతో కదలిక ఆగినా కత్తిని తిప్పే స్పిండిల్ తిరుగుతూనే ఉంటుందని దయచేసి మరవకండి. చేతికందే దూరంలో పవర్ స్విచ్ తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: పని నడుస్తుండగా టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే యంత్రం ఆగిపోతోంది. ఎందుకు?

జవాబు: పోర్టు తెరిచినప్పుడు డీటీఆర్ అనే పోర్టు సంకేతం మారి ఊనో బోర్డు రీసెట్ అవుతుంది, నడుస్తున్న పని అక్కడే పోతుంది. అందుకని సెషన్‌ను టీమక్స్ అనే ప్రోగ్రాములో తెరవండి. విండో మూసినా పోర్టు తెరిచే ఉంటుంది, తర్వాత అదే సెషన్‌లోకి తిరిగి చేరవచ్చు.