నోటిమాట మీద కట్టిన జనరేటర్ గది, చేజారుతున్న గడువు

ప్రశ్న: ఒక విద్యుత్ పంపిణీ సంస్థకు కొత్త ఆపరేషన్స్ కేంద్రం కట్టే పని రూ.2.14 కోట్లకు నాకు దక్కింది. కంట్రోల్ రూమ్, స్టోర్స్ షెడ్డు, ట్రాన్స్‌ఫార్మర్ల యార్డు, వాహనాల షెడ్డు కట్టాలి. 2021 నవంబర్ 30తో గడువు. స్థలం మీద 33 కేవీ లైను, పాత స్క్రాపు ఉండటంతో నాకు 7 నెలలు ఆలస్యంగా అప్పగించారు. తవ్వితే నల్లరేగడి బయటపడింది, పునాదులు 1.5 మీటర్ల నుంచి 3 మీటర్లకు దింపమన్నారు. ఆపై జనరేటర్ గది, యార్డులో అదనపు ప్లింతులు (యంత్రాలు నిలిపే దిమ్మెలు), కేబుల్ ట్రెంచి (కేబుళ్లు పరిచే కాలువ) మీద సిమెంటు పలకల బదులు ఇనుప చెక్కర్డ్ ప్లేట్లు అన్నారు. అన్నీ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) గారి నోటిమాట మీద, వాట్సాప్ మెసేజీల మీద చేశాను. 2022 ఆగస్టు 30న అప్పగించాను. 2023 ఫిబ్రవరి 14న ఫైనల్ బిల్లు ఇస్తూ ఆలస్యపు జరిమానా కింద రూ.21.4 లక్షలు కోసుకున్నారు. అదనపు పనుల రూ.31.6 లక్షలకు సున్నా పెట్టారు. రూ.10.7 లక్షల రిటెన్షన్ (బిల్లుల్లోంచి హామీగా పట్టి ఉంచిన సొమ్ము) ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. స్థలం ఆలస్యానికి మనుషులు, యంత్రాలు ఖాళీగా ఉన్న నష్టం రూ.19 లక్షలు. అప్పటి నుంచి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. ఇల్లు తాకట్టులో ఉంది. అప్పటి ఈఈ రిటైరయ్యారు, పాత తేదీతో వర్క్ ఆర్డర్ ఇస్తానంటున్నారు. అకౌంట్స్ వాళ్లు నో క్లెయిమ్ సర్టిఫికెట్ (ఇక ఏ సొమ్మూ అడగనన్న పత్రం) మీద సంతకం పెడితే వారంలో రిటెన్షన్ ఇస్తామంటున్నారు. ఇప్పుడు 2026 జనవరి. నాకు న్యాయం దొరుకుతుందా?

జవాబు: ఇంటి తాకట్టు గురించి మీరు రెండు పేజీలు రాశారు. కోర్టులో ఆ రెండు పేజీలకు ఒక్క రూపాయి కూడా రాదు. మీ కేసును తేల్చే వాక్యం ఆరో పేజీ చివర, తాజా కలంలో ఉంది: ‘2023 మే 5న ఈఈ గారు తన పై అధికారి ఎస్ఈకి (సూపరింటెండింగ్ ఇంజినీర్) రాసిన లేఖ కాపీ నాకు వచ్చింది, కానీ ఎస్ఈ తిప్పి పంపేశారు కాబట్టి దానికి విలువ లేదనుకున్నాను.’ మీరు పక్కన పడేసిన ఆ కాగితమే మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది.

ముందు కాలపరిమితి లెక్క చూద్దాం. చేసిన పనికి సొమ్ము రాబట్టుకునే దావాకు, చెల్లింపు తేదీ ఒప్పందంలో వేరుగా లేకపోతే, లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ ప్రకారం పని పూర్తయిన రోజు నుంచి 3 ఏళ్లు. అంటే 2025 ఆగస్టు 30తో సరి. ఆ తేదీ దాటిపోయి నాలుగు నెలలైంది. ఉత్తరాలు రాస్తూ ఉన్నాను కదా అంటారు. మీరు రాసిన ఉత్తరాలు మీ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. 2019లో జియో మిల్లర్ కేసులో, అదీ ఒక విద్యుత్ సంస్థ మీద వేసిన కేసే, సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. గడువును పెంచేది అవతలివాళ్ల సంతకమే. గడువు లెక్కల్లో ఇచ్చిన కొవిడ్ మినహాయింపు 2022 ఫిబ్రవరి 28తో ముగిసింది, మీ పని ఆ తర్వాత పూర్తయింది కాబట్టి అదీ అక్కరకు రాదు.

లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు ఇంకా మిగిలి ఉండగా బాధ్యతను ఒప్పుకుంటూ సంతకం చేసిన రాత ఉంటే, ఆ తేదీ నుంచి కొత్తగా 3 ఏళ్లు మొదలవుతాయి. చాలామందికి తెలియని సంగతి ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఆ రాత మీకే రాసి ఉండనక్కరలేదు, మూడో మనిషికి రాసినా చెల్లుతుంది. ఎంత బాకీ అన్నది కచ్చితంగా లేకపోయినా, ‘ఇప్పుడు ఇవ్వం’ అని ఉన్నా చెల్లుతుంది. మీరు ఎత్తి రాసిన ప్రకారం ఆ లేఖలో ‘ఏజెన్సీకి చెల్లించవలసి ఉన్నందున సప్లిమెంటరీ ఎస్టిమేటు మంజూరు చేయగలరు’ అని ఉంది (ఏజెన్సీ అంటే మీరే), కింద కాపీ మీకు అని ఉంది. ‘పరిశీలనలో ఉంది’ అని మాత్రమే ఉంటే నేను ఇంత ధైర్యంగా చెప్పేవాడిని కాను. ‘చెల్లించవలసి ఉన్నందున’ అన్నది బాకీని ఒప్పుకోవడమే. ఎస్ఈ తిప్పి పంపితే మంజూరు ఆగుతుంది, ఒప్పుకోలు చెరిగిపోదు. సంతకం చేసిన అధికారికి ఆ అధికారం లేదని సంస్థ వాదిస్తుంది. అందుకే మీ అగ్రిమెంటు మొదటి పేజీ చూడండి: సంస్థ తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టింది కూడా ఈఈ హోదాయే. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టాలి. ఆ లెక్కన అదనపు పనుల క్లెయిమ్‌కు 2026 మే 5 దాకా ఊపిరి ఉంది.

కానీ మే దాకా ఆగవద్దు. కోసుకున్న జరిమానా అంటే మీకు రావాల్సిన పని సొమ్ములో మిగిలిపోయిన భాగమే. దానికి అదే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కింద 2023 ఫిబ్రవరి 14న ఇచ్చిన పాక్షిక చెల్లింపు కొత్త గడువు ఇస్తుంది, బిల్లు అబ్‌స్ట్రాక్టు (సారాంశం) మీద వాళ్ల సంతకాలు ఉన్నాయి కాబట్టి. ఒప్పంద ఉల్లంఘన అని 55వ ఆర్టికల్ కిందకు తెచ్చినా కోత పడిన రోజు అదే. ఏ దారిలో లెక్కేసినా చివరి తేదీ 2026 ఫిబ్రవరి 14. ఆ రోజు రెండో శనివారం. కోర్టుకు సెలవైతే మర్నాటి పనిదినం వేసుకోవచ్చని 4వ సెక్షన్ అంటుంది, కానీ మీరు ముందుగా వెళ్లాల్సింది కోర్టుకు కాదు, మీడియేషన్‌కు (రాజీ చర్చలకు) కాబట్టి ఆ సందు మీద ఆశ పెట్టుకోవద్దు. రిటెన్షన్‌కు మాత్రం తొందర లేదు. లోపాల బాధ్యత 24 నెలలని రాశారు, అది 2024 ఆగస్టు 30న ముగిసింది, అక్కణ్నుంచి 3 ఏళ్లు.

ఇక సొమ్ముల సంగతి. జరిమానా లెక్కను మీరు ఒక్కసారైనా వేసి చూసుకున్నారా? మీ ఒప్పందంలో వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం అని ఉంది. మొదటి ఈవోటీలో (గడువు పొడిగింపు ఉత్తర్వులో) 2022 జూన్ 30 దాకా ‘జరిమానా లేకుండా’ అని వాళ్లే రాశారు. మిగిలింది జూన్ 30 నుంచి ఆగస్టు 30 దాకా 61 రోజులు, పైకి సర్దినా 9 వారాలు. 4.5 శాతం అంటే రూ.9.63 లక్షలు. వాళ్లు కోసింది రూ.21.4 లక్షలు. అంటే రూ.11.77 లక్షలు వాళ్ల సొంత క్లాజు ప్రకారమే తప్పుడు కోత. రెండేళ్ల తొమ్మిది నెలలకు పైగా మీరు ఈ నాలుగు గీతల లెక్క వేయకుండా ఉత్తరాల్లో ‘దయచేసి పరిశీలించగలరు’ అని రాస్తూ కూర్చున్నారు! మిగిలిన రూ.9.63 లక్షల మీద కూడా పోరాడవచ్చు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద నష్టమే జరగకపోతే పరిహారం లేదని 2015లో కైలాష్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు అంది. కొత్త కేంద్రంలోకి సంస్థ ఎప్పుడు మారిందో, అంతవరకు పాత భవనానికి అదనంగా అద్దె కట్టిందో లేదో అడగాలి. కానీ రెండో ఈవోటీలో జరిమానా హక్కు తమకే ఉంచుకుంటూ రాశారు కాబట్టి ఇక్కడ గెలుపు ఖాయం అనను.

స్థలం ఆలస్యానికి అడుగుతున్న రూ.19 లక్షలు వదిలేయండి. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఆలస్యమైన నెరవేర్పును స్వీకరించేటప్పుడే ‘నష్టం అడుగుతాను’ అని నోటీసు ఇవ్వాలి. మీరు ఆ నోటీసు ఇవ్వలేదు సరికదా, గడువు పొడిగింపు కోసం ‘ఎలాంటి పరిహారం కోరను’ అని హామీ పత్రం రాసిచ్చారు. ఆ రూ.19 లక్షలను దావాలో కలిపితే మిగతా క్లెయిమ్‌ల మీద కూడా జడ్జికి నమ్మకం తగ్గుతుంది.

అదనపు పనులు మూడూ ఒక్క గాటన కట్టేవి కావు. పునాది లోతుకు పెరిగిన తవ్వకం, ఇసుక, కాంక్రీటు (రూ.14.2 లక్షలు) బీఓక్యూలో (ఒప్పందంలోని పనుల, పరిమాణాల పట్టికలో) ఉన్న ఐటమ్‌లే, పరిమాణం పెరిగింది. ఈఈ సంతకంతో వచ్చిన సవరించిన పునాది డ్రాయింగే రాతపూర్వక ఆదేశం. రివిజన్ నంబరు, తేదీ ఉన్న ఒరిజినల్ షీటు వెతకండి. మీ ఇబ్బంది రుజువు దగ్గర వస్తుంది, ఆ పని మట్టి కింద ఉంది. కప్పెట్టే ముందు తీసిన లెవెల్స్ షీటు, ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) రాసిన కొలతలు, వాటిని ఈఈ సరిచూసిన చెక్ మెజర్‌మెంట్, పోత కార్డులు (కాంక్రీటు పోసినప్పుడు రాసేవి), స్టీలుకు బార్ బెండింగ్ షెడ్యూలు (కడ్డీల లెక్క) కావాలి. ఇవి దొరకకపోతే ఒకటి రెండు ఫుటింగుల పక్కన గుంత తీసి చూడమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ 9వ రూలు కింద కమిషనర్‌ను అడగాలి. కొలతల కాపీ తీసుకోకుండా పునాది పూడ్చిన కాంట్రాక్టరుకు నేనేమీ చెప్పలేను. ఫోన్లో ఫొటో తీసుకోవడానికి ఖర్చేం లేదు.

జనరేటర్ గది, ప్లింతులు (రూ.11.9 లక్షలు) ఒప్పందంలో అసలు లేవు. కంటికి కనిపిస్తున్నాయి, సంస్థ వాడుకుంటోంది. ఉచితంగా చేయని పనిని అవతలివాడు అనుభవిస్తే సొమ్ము ఇవ్వాలన్న కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ దీనికి సరిపోతుంది. 1962లో బి.కె. మొండల్ కేసు నుంచి ఉన్న మాట ఇది. అయితే ఒప్పందం పరిధిలోని విషయానికి 70 వర్తించదని 2019లో ఎంటీఎన్ఎల్, టాటా కమ్యూనికేషన్స్ కేసులో తేల్చారు కాబట్టి పునాదులకు దీన్ని ప్రధాన ఆధారంగా రాయవద్దు. ట్రెంచి మూతలు (రూ.5.5 లక్షలు) మధ్యరకం: ఐటమ్ ఒప్పందంలో ఉంది, సరుకు మారింది. రేటు ఎస్ఎస్ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక) ప్రకారం మీ టెండర్ శాతంతో కట్టండి, బజారు ధర రాయకండి. ఇక్కడ వాట్సాప్ మెసేజీలు పనికొస్తాయి. భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి, ఒకటి మీది, రెండోది నిపుణుడిది. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి.

రిటైరైన ఈఈ ఇస్తానంటున్న పాత తేదీ వర్క్ ఆర్డర్‌ను ముట్టుకోకండి. అది ఫోర్జరీ, వాడితే మరో నేరం: భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లు. డిస్పాచ్ రిజిస్టర్‌లో ఆ నంబరు మీద వేరే ఉత్తరం ఉంటుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి పది నిమిషాల్లో బయటపడుతుంది. అప్పుడు 2023 మే 5 నాటి అసలు లేఖను కూడా ‘ఇదీ అలాంటిదే’ అంటారు. ఉన్న ఒక్క మంచి కాగితాన్నీ మీ చేత్తో చెడగొట్టుకుంటారు. ఆయన సాయం చేయాలనుకుంటే సాక్షిగా వచ్చి జరిగింది చెప్పమనండి.

నో క్లెయిమ్ సర్టిఫికెట్ కూడా అంతే. రూ.10.7 లక్షల కోసం రూ.53 లక్షలు వదులుకుంటామని రాసివ్వడం. ఎన్టీపీసీ, రేష్మీ కన్‌స్ట్రక్షన్స్ కేసులో (2004) అలాంటి సర్టిఫికెట్ ఇచ్చిన కాంట్రాక్టరు బయటపడ్డాడంటే, ఒత్తిడి మీద ఇస్తున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు అని అదే రోజు లేఖ పంపాడు కాబట్టి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే నాకు దాచకండి.

చేయాల్సింది ఇది. మీ ఒప్పందం 73వ క్లాజు ప్రకారం రూ.50 వేలు దాటిన క్లెయిమ్‌లు సివిల్ కోర్టుకే, కాబట్టి ఆర్బిట్రేటర్ కోసం తిరగకండి. మీది కమర్షియల్ కోర్టు దావా. కమర్షియల్ కోర్టుల చట్టం 12ఏ సెక్షన్ ప్రకారం ముందు మీడియేషన్‌కు వెళ్లకుండా వేస్తే దావా తిరస్కరిస్తారు, పాటిల్ ఆటోమేషన్ కేసులో 2022లో అది తప్పనిసరి అన్నారు. జిల్లా న్యాయ సేవల అధికార సంస్థకు ఫారం-1, రూ.1,000 రుసుముతో జనవరి 31 లోపు దాఖలు చేసి రసీదు తీసుకోండి. మీడియేషన్‌లో గడిచిన సమయాన్ని గడువులో లెక్కపెట్టరు. సంస్థ రాకపోతే నాన్ స్టార్టర్ రిపోర్టు (మీడియేషన్ మొదలే కాలేదన్న పత్రం) ఇస్తారు, అది చేతికొచ్చాక మిగిలిన రోజులు లెక్కపెట్టుకుని వెంటనే దావా వేయాలి. రిటెన్షన్‌ను కూడా అందులోనే కలపండి, ఒకే ఒప్పందం మీద ముక్కలుగా వేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 2వ ఆర్డర్ 2వ రూలు అడ్డం వస్తుంది. మొత్తం రూ.63.7 లక్షలు.

ఈ రోజే రెండు కాగితాలు పంపండి. ఒకటి, రూ.10తో సమాచార హక్కు దరఖాస్తు: ఎం-బుక్, లెవెల్స్ షీట్లు, హిండ్రెన్స్ రిజిస్టర్ (పనికి వచ్చిన ఆటంకాలు రాసేది), రెండు ఈవోటీ ఫైళ్లు, 2023 మే 5 లేఖతో పాటు దాని డిస్పాచ్ రిజిస్టర్ పేజీ, ఎస్ఈ తిప్పి పంపిన నోటు. అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు. వాళ్లకు 30 రోజులు పడుతుంది, ఈలోగా మీడియేషన్ నడుస్తుంది. కమర్షియల్ దావాలో కాగితాలన్నీ దావాతోనే పెట్టాలి, తర్వాత తెస్తానంటే కుదరదు. రెండోది లీగల్ నోటీసు. అందులో ‘ఈ నోటీసు తేదీ నుంచి వడ్డీ అడుగుతాను’ అన్న వాక్యం తప్పక ఉండాలి. 1978 వడ్డీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం అలా అడిగిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. మీరు ఇంతవరకు రాసిన 14 ఉత్తరాల్లో వడ్డీ మాటే ఎత్తలేదు.