ఎండకు స్టీరింగ్ జిగటగా ఉంటే ముందు గుడ్డకు అంటిన రంగు చూడండి

ఎండలో నిలిపిన కారు స్టీరింగ్ చేతికి అంటుకుంటోంది, దేనితో తుడిస్తే పోతుందని అడిగారు. దేనితో అన్నది తర్వాత చూద్దాం. ఆ జిగట పైన పట్టిన జిడ్డు వల్లా, లేక స్టీరింగ్ పైపొరే చెడిపోవడం వల్లా అన్నది ముందు తేలాలి. చేతికి రెండూ ఒకేలా తగులుతాయి. మొదటిది అరగంట పని. రెండోది ఎంత తుడిచినా పోదు, పైగా తుడిచే కొద్దీ ముదురుతుంది.

తేల్చుకోవడం సులువు. తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డను సబ్బు నీళ్లలో ముంచి గట్టిగా పిండి, చేతులు ఎప్పుడూ పట్టుకునే చోట ఒకసారి, అసలు తగలని చోట, అంటే అడుగున వెనక వైపు, ఇంకోసారి రుద్దండి. గుడ్డకు మట్టి రంగు మురికి అంటి, నాలుగైదు తుడుపులకు అది పలచబడుతూ వస్తే జిడ్డే. చేతులు తగలని చోట కూడా జిగట ఉండి, గుడ్డకు స్టీరింగ్ సొంత రంగే నల్లగా అంటుతూ, ఎన్నిసార్లు తుడిచినా తగ్గకుండా, రుద్దిన చోటు ఇంకా బంకగా తయారైతే అది మురికి కాదు, పైపొరే ఊడి వస్తోంది. ఆ రంగు కనిపించగానే రుద్దడం ఆపేయండి.

జిడ్డయితే ఇలా చేయండి. కారును నీడలోకి తెచ్చి, తలుపులు తెరిచి, స్టీరింగ్ చల్లబడే దాకా ఆగండి. గంటసేపు ఎండలో నిలిపిన కార్లను 2018లో అమెరికాలో కొలిస్తే స్టీరింగ్ సగటున 53 డిగ్రీల సెల్సియస్ చూపించింది. అంత వేడి మీద సబ్బు నీళ్లు తుడిచే లోపే ఆరిపోతాయి, సబ్బు అక్కడే పొరలా మిగులుతుంది. శుభ్రం చేసిన మర్నాడే మళ్లీ అంటుకుంటోందని వాపోయేవాళ్లలో చాలామందికి మిగిలింది ఆ సబ్బు పొరే.

అర లీటరు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా కారు షాంపూ గానీ, గిన్నెలు తోమే లిక్విడ్ గానీ చాలు. ఎక్కువ వేస్తే కడగడానికే రెట్టింపు పని. ఇంజిన్ ఆపి తాళం తీసేయండి. ద్రావణాన్ని స్టీరింగ్ మీద నేరుగా స్ప్రే చేయొద్దు. హారన్ చుట్టూ ఉన్న సందుల్లోంచి తడి లోపలికి దిగితే స్విచ్‌లు మొరాయిస్తాయి, మధ్యలో ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటుంది. గుడ్డకే పట్టించి, పిండి, రింగును నాలుగు భాగాలుగా అనుకుని ఒక్కో భాగమే పూర్తి చేసుకుంటూ పోండి. కుట్లలోనూ, వేళ్లు పట్టే గాడుల్లోనూ మెత్తని టూత్‌బ్రష్‌తో తేలిగ్గా తిప్పాలి. అక్కడి జిడ్డు వదిలేస్తే వేడికి మళ్లీ పైకి వస్తుంది. ప్రతి భాగం అయ్యాక వట్టి నీళ్లలో పిండిన ఇంకో గుడ్డతో రెండుసార్లు తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. ఈ రెండో తుడుపు మానేస్తే మొదటిది దండగ.

పాత కవర్ తీశాక మిగిలిన బంక, గమ్ మరకలు సబ్బుకు లొంగవు. తోలు కాని స్టీరింగ్ అయితే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్లు కలిపి, కనపడని మూల పరీక్షించాక, గుడ్డ కొసతో ఆ మరక మీద మాత్రమే రుద్దండి. తోలుకు ఆల్కహాల్ వద్దు. దాని మీద ఉండే రంగు పూతను అది మెత్తబరుస్తుంది. తోలు క్లీనర్ వాడండి. థిన్నర్, అసిటోన్, పెట్రోల్ దేనికీ వద్దు. మురికిని ఇట్టే తీసేస్తుందని పేరున్న తెల్లటి మెలమైన్ స్పాంజి కూడా సన్నటి ఉప్పు కాగితమే. మురికితో పాటు పూతనూ గీకేస్తుంది.

ఇక నా అసలు ఫిర్యాదు పాలిష్ మీద. కారు కడిగించుకుంటే డాష్‌బోర్డ్‌కు పూసిన సిలికాన్ పాలిష్‌నే అదే గుడ్డతో స్టీరింగ్‌కూ పూసి ఇచ్చేస్తారు. మెరుస్తోందని మనం సంతోషిస్తాం. ఆ నూనె ఇంకదు, దుమ్మునూ చెమటనూ పట్టి ఉంచుతుంది, మలుపులో చెయ్యి జారుతుంది. స్టీరింగ్‌కు మెరుపు అక్కర్లేదు, పట్టు కావాలి. కడిగించేటప్పుడు స్టీరింగ్‌కు, పెడళ్లకు ఏమీ పూయొద్దని ముందే చెప్పండి. తోలు కండిషనర్‌దీ ఇదే వరస. పూత ఉన్న తోలులోకి అది పెద్దగా ఇంకదు, కాబట్టి బఠాణీ గింజంత తీసుకుని పలచగా రాసి, పావుగంటయ్యాక మిగిలింది తుడిచేయాలి. చేతికి రాసుకునే సన్‌స్క్రీన్, శానిటైజర్ జెల్, దోమల క్రీము కూడా ఆరకముందే స్టీరింగ్ పట్టుకుంటే అంటుకుంటాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల మందయితే ప్లాస్టిక్‌ను, స్టీరింగ్‌లకు వాడే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ రకాన్ని నిజంగానే మెత్తబరుస్తుంది.

పైపొరే చెడిన సంగతి వేరు. తోలు లేని చాలా స్టీరింగ్‌ల రింగు పాలీయురేథేన్ నురుగుతో పోతపోసిందే. ఏళ్ల తరబడి వేడి, గాలిలో తేమ కలిసి దాని అణువుల గొలుసుల్ని తెంపుతాయి. బీరువాలో వాడకుండా ఉంచిన బూట్ల సోలు బంకగా మారి ఊడిపోయేది కూడా ఇలాగే. తెగిన గొలుసును ఏ క్లీనరూ అతకదు. టాల్కం పౌడర్ చల్లితే రెండు రోజులు బాగున్నట్టే ఉండి, చెమటతో కలిసి ముద్ద కడుతుంది. రింగు ఇలా అయితే తోలు చుట్టించి కుట్టించడమో, స్టీరింగ్ మార్చడమో చేయాలి. మార్చేటప్పుడు ఎయిర్‌బ్యాగ్ విప్పాలి కాబట్టి అది తెలిసిన మెకానిక్ పని, ఇంట్లో ముట్టుకోవద్దు. తొడిగే కవర్‌ అయితే రింగు సైజుకు సరిగ్గా సరిపోవాలి. వదులుగా ఉంటే మలుపులో కవర్ మాత్రమే తిరుగుతుంది. చవక పీవీసీ కవర్‌లో మెత్తదనం కోసం కలిపే నూనెలు ఎండకు బయటికి ఊరి కొత్త జిగటను తెస్తాయి.

రింగు బాగానే ఉండి బటన్ల దగ్గర, రింగును మధ్య భాగంతో కలిపే స్పోకుల మీద మాత్రమే బంకగా ఉంటే అది మెత్తగా తగలాలని కంపెనీలు వేసే రబ్బరు లాంటి పూత. షోరూంలో చేతికి హాయిగా ఉంటుంది, వేడికి ముందుగా చెడేదీ అదే. దీన్ని మాత్రం పూర్తిగా తీసేయొచ్చు. ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఓపిగ్గా రుద్దితే ముద్దలుగా ఊడి కింద గట్టి ప్లాస్టిక్ తేలుతుంది. అయితే బటన్ల మీది గుర్తులు చాలా కార్లలో ఆ పూతలోనే చెక్కి ఉంటాయి, పూతతో పాటే పోతాయి. అందుకే బటన్లను వదిలి స్పోకుల వరకే చేయండి.

ఎండలో నిలపక తప్పకపోతే అద్దానికి సన్‌షేడ్ పెట్టండి, అది లేకపోతే స్టీరింగ్ మీద లేత రంగు తువ్వాలు కప్పండి. వారానికోసారి వట్టి నీళ్లలో పిండిన గుడ్డతో తుడిస్తే సబ్బు అవసరం నెలకోసారికి మించి రాదు.