ఇంట్లో చేసుకున్న అల్యూమినియం ఉండేలు ఫ్రేమ్‌కు మంచి ఫినిషింగ్ రావాలంటే ఏం చేయాలి?

మీరు 12 మి.మీ. మందమున్న అల్యూమినియం ప్లేటుతో ఉండేలు ఫ్రేమ్ కోశారు. ఎమరీ పేపర్ ఎంత రుద్దినా గీతలు పోవడం లేదు. అద్దంలా మెరవాలంటే ఏ పాలిష్ వాడాలి, ఈ ప్లేటు బలం సరిపోతుందా అని ఫొటో పంపి అడిగారు. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివి, హైదరాబాద్ బాలానగర్‌లో మెషిన్ షాపుల్లో పనిచేసినవాణ్ణి. ఉండేళ్ళు చేయడం నాకు చాలా ఇష్టమైన పని. నా అనుభవంలో ఫినిషింగ్ బాగా రాకపోవడానికి పాలిష్ కారణం కావడం చాలా అరుదు. తప్పు దాదాపు ఎప్పుడూ ఆకురాయి దగ్గరే జరిగి ఉంటుంది.

అల్యూమినియం మెత్తటి లోహం. ఆకురాయితో రుద్దుతుంటే రజను పళ్ళ మధ్య ఇరుక్కుని గట్టిగా పట్టేస్తుంది. అలా ఇరుక్కున్న ఒక్క ముక్క చాలు, మళ్ళీ తోసినప్పుడు ప్లేటు మీద లోతుగా గీత పడిపోతుంది. మీ ఫొటోలో కొమ్ముల పక్కన ఏటవాలుగా కనిపిస్తున్న గీతలు అవే. వాటి మీద 400 నంబరు పేపరుతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది) ఎంతసేపు రుద్దినా చుట్టూ ఉన్న భాగం మెరుస్తుంది కానీ గీత అడుగు అలాగే ఉండిపోతుంది. కాబట్టి మీరు మళ్ళీ స్మూత్ ఫైల్ (సన్న పళ్ళ ఆకురాయి) దాకా వెనక్కి వెళ్ళాలి. ముందుగా ఆకురాయి పళ్ళను సన్న తీగల వైర్ బ్రష్‌తో పళ్ళ వాలు వెంట శుభ్రం చేసి, మామూలు సుద్దముక్కను బాగా రుద్దండి. సుద్ద పళ్ళ సందుల్లో నిండితే రజను అంటుకోదు, దులిపితే రాలిపోతుంది. నాలుగైదు తోపులకోసారి దులపడం, మధ్యమధ్యలో మళ్ళీ సుద్ద పట్టించడం అలవాటు చేసుకోండి. చివర్లో ఆకురాయిని అడ్డంగా రెండు చేతులతో పట్టుకుని అంచు పొడవునా మీ వైపుకు లాగే డ్రా ఫైలింగ్ చేస్తే, ఎగుడుదిగుడులు పోయి గీతలన్నీ ఒకే దిశలో సన్నగా మిగులుతాయి. ఎమరీ పేపర్ అక్కడి నుంచి మొదలవ్వాలి.

వైస్‌లో (ముక్కను బిగించి పట్టే పనిముట్టులో) బిగించేటప్పుడు దవడలకు చెక్క ముక్కలో, అల్యూమినియం రేకు మడిచిన తొడుగులో పెట్టారా? లేకపోతే వైస్ పళ్ళ ముద్రలు ప్లేటు మీద పడతాయి. వాటిని తీయడం గీతలు తీయడం కంటే కష్టం.

కోత గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే మీది అయిపోయింది. ఇది చదివే మరొకరి కోసం: కాగితం మీద గీసిన బొమ్మను ప్లేటుకు అంటించి, గీతకు రెండు మిల్లీమీటర్లు బయటగా వరుసగా రంధ్రాలు వేసి, హాక్సాతో (లోహం కోసే రంపంతో) ఆ రంధ్రాలు కలుపుకుంటూ పోవాలి. ఇంత మందానికి అంగుళానికి 18 పళ్ళున్న బ్లేడు బాగుంటుంది. బ్లేడుకు, డ్రిల్ బిట్‌కు కొద్దిగా కిరోసిన్ రాస్తే లోహం అతుక్కోదు. తొందరగా అయిపోతుందని గ్రైండర్‌కు ఇనుము రుద్దే మామూలు రాయి పెట్టి అల్యూమినియం మీద నడపకండి. రాయి రంధ్రాల్లో లోహం నిండిపోయి వేడెక్కుతుంది, రాయి పగిలే ప్రమాదం ఉంది. ఇనుము రాపిడి చేసిన చోట పోగుపడిన తుప్పు పొడిలో అల్యూమినియం పొడి కలవనివ్వకండి. ఆ రెంటికీ నిప్పురవ్వ తగిలితే మామూలు మంటలా ఉండదు, ఇనుమునే కరిగించేంత వేడి పుడుతుంది. చేత్తో ఆకురాయి పట్టే పనిలో ఈ భయం లేదు. కానీ కళ్ళద్దాలు, ముక్కుకు మాస్క్ ఎలాగూ ఉండాలి.

ఇప్పుడు ఎమరీ సంగతి. 120తో మొదలుపెట్టి 180, 240, 320, 400, 600 వరుసగా వెళ్ళండి. మధ్యలో ఏ నంబరూ దాటేయకండి. ఒక నంబరు పేపరుతో నిలువుగా రుద్దితే తర్వాతి దానితో అడ్డంగా రుద్దాలి. అప్పుడు పాత నిలువు గీతల్లో ఒక్కటి మిగిలినా కంటికి కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే మార్కర్ పెన్‌తో ఆ భాగమంతా రంగు పూసి రెండు మూడు సార్లు తేలికగా రుద్దండి, ఎక్కడ సిరా మిగిలిందో అక్కడ గీత ఉన్నట్టు. సమంగా ఉన్న ముఖాల మీద పేపరును తప్పకుండా చెక్క దిమ్మకు చుట్టి రుద్దండి. వట్టి వేళ్ళతో రుద్దితే వేలు ఒత్తిన చోట పల్లం పడుతుంది. మసకగా ఉన్నప్పుడు తెలియదు, మెరుపు వచ్చాక అలల్లా కనబడుతుంది. పంగ లోపలి వంపుకు, పిడి నడుముకు ఎమరీ గుడ్డను సన్నటి పట్టీలా చించి, స్నానం చేశాక తువ్వాలుతో వీపు తుడుచుకున్నట్టు రెండు చేతులతో ఇటూ అటూ లాగండి. గుండ్రటి అంచులు ఇంత చక్కగా ఇంకే పద్ధతిలోనూ రావు. 240 దాటాక నీళ్ళతో వాడే వాటర్ పేపర్ మంచిది. నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసుకోండి, నంబరు మారినప్పుడల్లా ఫ్రేమునూ చేతులనూ కడిగేయండి. 180లోని ఒక రేణువు 600 మీదికి వచ్చిందంటే పని మళ్ళీ మొదటికే.

మీరు అడగలేదు కానీ ఫొటో చూస్తే నాకు ఎక్కువ బెంగ కలిగింది అంచుల గురించే. ప్లేటు ముఖం మెరిసినా మెరవకపోయినా ఉండేలు పనిచేస్తుంది. అంచు పదునుగా ఉంటే మాత్రం రబ్బరు తెగుతుంది. అదీ బాగా లాగి పట్టుకున్నప్పుడే తెగుతుంది, తెగిన ముక్క సూటిగా మీ ముఖం మీదికే వస్తుంది. రబ్బరు కట్టే కొమ్ము చివర్లలో, రబ్బరు ఒరుసుకునే ప్రతిచోటా అంచును కనీసం 3 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా తీయండి. రబ్బరు కట్టే గాడి లోపల కూడా 600 దాకా రుద్దాలి, చాలామంది వదిలేసేది అక్కడే. అయ్యాక కొంచెం దూది తీసుకుని కొమ్ముల చుట్టూ లాగి చూడండి. ఎక్కడ పీచు చిక్కుకుందో అక్కడ ఇంకా పని ఉంది. వేలితో తడిమితే తెలియని పదును దూదికి తెలుస్తుంది.

పిడి వైపు కూడా అంతే శ్రద్ధ కావాలి. అరచేతిలో బొటనవేలి మొదలు ఆనే చోట, చిటికెన వేలు పట్టే చోట ఇంకో రెండు మిల్లీమీటర్లు తీస్తే ఎంత హాయిగా ఉంటుందో పట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే రుద్దుతున్నంతసేపూ మధ్యమధ్యలో కళ్ళు మూసుకుని పట్టుకుని చూడమంటాను. చెక్క పలకలు అతికించాలనుకుంటే టేకు బాగుంటుంది. అతికించే ముఖాన్ని మాత్రం మెరిపించకండి. 80 నంబరుతో గరుకు చేసి, తుడిచి, వెంటనే ఆరల్డైట్ జిగురు పెట్టేయండి. అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర మళ్ళీ కడుతుంది, ఆలస్యం చేసేకొద్దీ అతుకు బలహీనం.

అద్దంలా మెరవడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉండేలుకు అది వద్దు. 600 తర్వాత 1000, 1500 పట్టి, బట్ట చక్రం మీద తెల్ల బఫింగ్ సబ్బుతోనో, చేత్తో బ్రాసో పాలిష్‌తోనో రుద్దితే మెరుపు తప్పకుండా వస్తుంది. వచ్చిన మరునాటికే వేలిముద్రలు పడతాయి, కొన్ని వారాలకు మసకబారుతుంది, చెమట చేతిలో జారుతుంది, ఎండలో గురి చూస్తుంటే కళ్ళలోకి వెలుగు కొడుతుంది. 600 దాకా తీసి, ఆపైన బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో పొడవునా ఒకే దిశలో రుద్దితే పట్టులాంటి మంద మెరుపు వస్తుంది. కొత్త గీత పడితే మళ్ళీ అదే స్కాచ్‌బ్రైట్ రెండు నిమిషాలు రుద్దితే కలిసిపోతుంది. నా దగ్గరున్న ఫ్రేములన్నీ ఇలాగే ఉన్నాయి, ఒక్క నల్లటిది తప్ప. దానికి అనోడైజింగ్ చేయించాను.

అనోడైజింగ్ అంటే పైన రంగు పూయడం కాదు. ఫ్రేమును పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి డీసీ కరెంటు పంపి, అల్యూమినియం మీదే గట్టి ఆక్సైడ్ పొర పెంచుతారు. మామూలుగా 10 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. ఆ పొర సూక్ష్మ రంధ్రాల్లోకి రంగు ఎక్కించి, మరిగే నీళ్ళలో ముంచి రంధ్రాలు మూసేస్తారు. బాలానగర్, జీడిమెట్ల వైపు చేసే చోట్లు ఉన్నాయి. ఒక్క ముక్కే అయితే వాళ్ళ లాట్‌తో కలిపి వేయమని బతిమాలుకోవాలి. మూడు విషయాలు ముందే మాట్లాడుకోండి. కరెంటు క్లిప్పు పట్టిన చోట రంగు ఎక్కదు కాబట్టి పిడి చివర తాడు రంధ్రం లోపల క్లిప్పు పెట్టమనండి. ముందు చేసే కాస్టిక్ సోడా కడుగులో ఎక్కువసేపు ఉంచితే మీ మెరుపు మొత్తం తెల్లటి మసకైపోతుంది, తక్కువసేపు చాలని చెప్పండి. మీ ప్లేటు ఏ గ్రేడో కూడా చెప్పండి. 6061, 6063 అనే అల్యూమినియం మిశ్రమాలు రంగు చక్కగా పట్టుకుంటాయి, సిలికాన్ ఎక్కువున్న పోత అల్యూమినియం బూడిదగా, మచ్చలుగా వస్తుంది. ఇంట్లో ఆమ్లంతో ఈ పని పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. అనోడైజింగ్ గీతలను దాచదు, పైగా ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

స్ప్రే లక్క మాత్రం వద్దు. చేయి ఆడే అంచుల దగ్గర పెచ్చులూడి, ఉన్న అందం కూడా పోతుంది. పలుచగా మైనం పట్టించి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక బలం సంగతి. మీరు భయపడాల్సిన పని లేదు, లెక్క వేసి చూపిస్తాను. రబ్బర్లు రెండూ కలిపి 8 కిలోల బరువుతో లాగుతున్నాయనుకోండి. ఒక్కో కొమ్ము మీద 4 కిలోలు, అంటే దాదాపు 40 న్యూటన్లు. కొమ్ము పొడవు 60 మి.మీ., మొదట్లో వెడల్పు 18 మి.మీ., మందం మీది 12 మి.మీ. అయితే అక్కడి లోహం మీద పడే ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 6 న్యూటన్లు కూడా దాటదు. 6061-టి6 (వేడిచేసి గట్టిపరిచిన 6061) వంగడం మొదలుపెట్టేది సుమారు 275 దగ్గర. కిటికీల సెక్షన్లకు వాడే 6063 కూడా 100కు పైగానే తట్టుకుంటుంది. కాబట్టి విమానాల గ్రేడు 7075 కోసం వెతుక్కోనక్కర్లేదు, అందులో తుప్పు బెడద కూడా ఎక్కువ. నేను 6061-టి6 కొనమని చెప్పేది బలం కోసం కాదు, ఆకురాయి కింద జిగురు పట్టకుండా శుభ్రంగా తెగుతుందని. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట ముక్కలు కిలో లెక్కన దొరుకుతాయి.

అదే ఫ్రేమును పాత గిన్నెలు, పిస్టన్లు కరిగించి ఇసుకలో పోతపోసి చేస్తానంటే మాత్రం గట్టిగా వద్దంటాను. పైన వేసిన లెక్క, లోపల గుల్లలు, గాలి బుడగలు లేని లోహానికే పనికొస్తుంది. ఇంటి పోతలో బుడగ ఎక్కడుందో పైకి కనిపించదు. వంగకుండా, చెప్పకుండా పుటుక్కున విరుగుతుంది. కరిగిన లోహంలో తడి తగిలితే చిమ్మి పడే ప్రమాదం వేరే.

రబ్బరు కట్టేముందు ఫ్రేమును సబ్బు నీళ్ళతో బాగా కడిగి ఆరనివ్వండి. కిరోసిన్, డబ్ల్యూడీ-40 స్ప్రే నూనె, పాలిష్‌లోని నూనె రబ్బరును మెత్తబరిచి పాడుచేస్తాయి. రాగి కూడా సహజ రబ్బరుకు పడదు, అందుకే కొమ్ముల దగ్గర రాగి, ఇత్తడి మేకులు పెట్టకండి. మొదటిసారి కళ్ళద్దాలు పెట్టుకుని, గుండు లేకుండా రబ్బరును సగం దాకా నెమ్మదిగా లాగి, కట్లు జారుతున్నాయేమో చూడండి. వట్టి రబ్బరును వదలకండి, అది తిరిగి చేతిని కొడుతుంది. ఆ తర్వాత అట్టపెట్టెలో పాత దుప్పటి వేలాడదీసి దాన్నే గురిగా పెట్టుకోండి. మొదట్లో ఎండబెట్టిన బంకమట్టి ఉండలు వాడండి. ఉక్కు గోళీ పొరపాటున కొమ్ముకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం, మట్టి ఉండ అక్కడే పొడైపోతుంది. పిట్టల మీద గురి పెట్టకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది వేట, నేరం. వేసవిలో ఫ్రేమును ఎండలో వదిలేయకుండా లోపల పెట్టండి. ప్రతిసారి లాగే ముందు కట్టు దగ్గర రబ్బరు అంచున చిన్న చీలిక ఉందేమో చూసి, కనిపిస్తే ఆ రోజే మార్చేయండి.