అభ్రకం పొరలు విడదీయడంలో ఆమ్లం చేసే పని

అభ్రకాన్ని ఆమ్లంలో నానబెడితే చాలు, పొరలు వాటంతట అవే విడిపోతాయా అన్నది ప్రశ్న. గూడూరు ప్రాంతపు గనుల్లో దొరికే మస్కోవైట్ రకానికి సంబంధించినంతవరకు, విడిపోవనే చెప్పాలి. ఇందులో అల్యూమినియం సిలికేటు పొరల నడుమ పొటాషియం అయాన్లు నిలిచి వాటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. సాధారణ ఆమ్లాలు ఆ సందుల్లోకి దాదాపు చొరబడలేవు. నల్లని అభ్రకమైన బయోటైట్ సంగతి వేరు. వేడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం అందులోని ఇనుమును, మెగ్నీషియాన్ని కరిగించి సిలికాను మాత్రమే మిగులుస్తుంది గనుక, పొరలు విడిపోవడం అటుంచి, ఖనిజమే పాడవుతుంది.

అయితే అభ్రకపు కాగితం, అంటే అభ్రకపు పలుకుల గుజ్జుతో చేసే, విద్యుత్తును పారనివ్వని పలుచని రేకు, తయారీలో ఆమ్లాన్ని తెలివిగా వాడే పద్ధతి ఒకటుంది. తుక్కు అభ్రకాన్ని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చినప్పుడు, స్ఫటికంలో హైడ్రాక్సిల్ రూపంలో ఉన్న నీరు కొంత ఆవిరై వెలుపలికి వస్తూ పొరలను వదులు చేస్తుంది. ఆ వేడి ముక్కలను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది సందుల్లోకి ఇంకుతుంది; తర్వాత విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేయగానే లోపలే కార్బన్ డయాక్సైడ్ పుట్టి, ముక్క హార్మోనియం తిత్తిలా ఉబ్బుతుంది. నిజానికి పొరలను నెట్టేది ఈ వాయువే. ఉబ్బినదాన్ని లవణాలు పోయేదాకా కడగాలి, లేకుంటే విద్యుద్బంధకంగా దాని గుణం దెబ్బతింటుంది. ఆపైన నీటిలో గిలకొడితే సన్నని పలుకుల గుజ్జవుతుంది.

పెద్ద రేకులే కావాలంటే మాత్రం ఇదంతా అనవసరం. అంచున కత్తిమొన దూర్చి చేత్తో చీల్చడమే మేలు.