దీపం పెట్టి, చార్ట్ చూసి కొన్నా నష్టమే వస్తోంది, తాయెత్తు కట్టించుకోమంటారా?

ప్రశ్న: మాది మలేషియాలోని క్లాంగ్. తాతల కాలంలో బగాన్ దాతుక్ కొబ్బరి తోటలకు వచ్చిన తెలుగు కుటుంబం. నా వయసు 41. మూడేళ్లుగా, రోజువారీ ధరల కదలికను కొవ్వొత్తుల్లాంటి బొమ్మలుగా చూపే క్యాండిల్ చార్టులు చూసి బుర్సాలో, అంటే ఇక్కడి స్టాక్ మార్కెట్‌లో, షేర్లు కొని అమ్ముతున్నాను. లక్ష్మీగణపతికి దీపం వెలిగించి, ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టాకే మొదలుపెడతాను. పక్కింటి చైనీస్ పెద్దాయన వెంట వెళ్లి వీధి చివర దాతుక్ అనే స్థల దేవత గూటి దగ్గరా మొక్కుతున్నాను. 60,000 రింగిట్లు 31,000 అయ్యాయి. అందులో 12,000 మా ఆవిడ గొలుసు తాకట్టు పెట్టి తెచ్చినవి. నా 'సెమాంగత్' (ప్రాణశక్తి) సన్నగిల్లిందని, 3,000 ఇస్తే తాయెత్తు కట్టిస్తానని ఒక బోమో, అంటే మలయ్ మంత్రగాడు, అంటున్నాడు. ఇవ్వమంటారా? ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) ఫ్లెక్సిబుల్ ఖాతాలో ఉన్న 9,000 తీసి నష్టం రాబట్టుకోమంటారా? నా ట్రేడ్ల పట్టిక పంపుతున్నాను.

జవాబు: రెండూ వద్దు. ఎందుకో మీ పట్టికే చెబుతోంది. నిన్న రాత్రి దాన్ని వరుసవారీగా చూశాను.

మీరు చేసిన ట్రేడ్లు 46. వాటిలో 27 లాభంలోనే ముగిశాయి. చార్ట్ చదవడం మీకు రాదని నేను అనను. కానీ లాభం వచ్చిన చోట సగటున 310 రింగిట్లు వస్తే, నష్టం వచ్చిన 19 చోట్ల సగటున 1,890 పోయాయి. మిగతాది బ్రోకరేజీ, స్టాంపు ఖర్చు. పదకొండో ట్రేడ్ చూడండి. సుత్తి ఆకారపు క్యాండిల్ పడింది, ఇక ధర పెరుగుతుందని 1.20 చొప్పున 10,000 షేర్లు కొన్నారు. 1.14 దగ్గర అమ్మేయాలని మీరే రాసుకున్నారు. అక్కడ అమ్మి ఉంటే 600తో పోయేది. దాని పక్కన 'దాతుక్‌కు మొక్కాను, మళ్లీ పెరుగుతుంది' అని రాసి ఐదు వారాలు పట్టుకుని కూర్చున్నారు. 0.84కి అమ్మారు. 3,600 పోయాయి.

నష్టం దీపం వల్ల రాలేదు. మొక్కుకున్నాక స్టాప్‌లాస్, అంటే ఇంతకు పడితే అమ్మేయాలని ముందే పెట్టుకున్న హద్దు, తీసేయడం వల్ల వచ్చింది. దేవుణ్ణి మీరు ధైర్యం అడగాల్సింది పోయి, ధర అడిగారు.

దాతుక్ గూటి మీద నాకు చిన్నచూపు లేదు. ఆ నేలను కాచే మలయ్ పెద్దగా తలచి, పంది మాంసం దగ్గరికి రానివ్వకుండా, తమలపాకు, వక్క, సాంబ్రాణి పెట్టి కొలుస్తారు. మన తాంబూలమే, మన సాంబ్రాణే. అక్కడ దండం పెట్టుకోవడానికి పది రింగిట్లు కూడా కావు. 3,000 అడిగేది ఆ నమ్మకం కాదు, మీ భయాన్ని పసిగట్టిన మనిషి.

సెమాంగత్ అంటే ప్రాణశక్తి. పూర్వం మలయ్ రైతులు వరికీ అది ఉందని నమ్మేవారు. కోత మొదలుపెట్టే రోజు, వరి ప్రాణం బెదిరిపోకుండా 'తువాయి' అనే చిన్న కత్తిని అరచేతిలో దాచుకుని ఏడు వెన్నులు కోసేవారు. వాటిని పసిపాపలా గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి భద్రపరిచేవారు. తిండి గింజల లెక్క ఆ తర్వాతే. మీ క్యాండిళ్లు పుట్టిందీ బియ్యం దగ్గరే, జపాన్ వర్తకుల్లో. ఒసాకాలోని దోజిమా బియ్యం మార్కెట్‌కు 1730లోనే షోగున్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఒక రోజు ధర ఎక్కడ మొదలై ఎంత ఎగిరి ఎంత పడి ఎక్కడ ముగిసిందో క్యాండిల్ చూపిస్తుంది. రేపటికి అది హామీ ఇవ్వదు.

మీ ఈపీఎఫ్ విత్తనపు వడ్లు. 2024కు అది 6.30 శాతం డివిడెండ్ ఇచ్చింది. ఫ్లెక్సిబుల్ ఖాతాలోంచి ఎప్పుడైనా తీసుకోవచ్చన్నది నిజమే, అది ఆసుపత్రి ఖర్చులాంటి వాటికి. 31,000 మళ్లీ 60,000 కావాలంటే 93 శాతం పైగా లాభం రావాలి. ఆ తొందరలో 9,000 కూడా పోతాయి. శ్రీనివాసుడికి ముడుపు కట్టిన డబ్బును ఇంట్లో ఎవరూ ముట్టుకోరు కదా, దీన్నీ అలాగే చూడండి.

ఇప్పుడు చేతిలో ఉన్న 31,000 సంగతి. తాకట్టు చీటీలో వడ్డీ నెలకు 2 శాతమని ఉంది, అంటే నెలకు 240 రింగిట్లు. ఏడాదికి 24 శాతం ఖాయంగా తెచ్చిపెట్టే చార్ట్ నాకు తెలియదు. ముందు 12,000 కట్టి గొలుసు విడిపించండి. మీ ఇంటి ఖర్చు నెలకు 3,800 అన్నారు. నాలుగు నెలలకు 15,200 ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టండి. మిగిలేది 3,800. మూడు నెలలు దాన్నీ కదపకుండా డబ్బు పెట్టకుండా కాగితం మీదే ట్రేడ్ చేయండి. తర్వాత అసలు డబ్బుతో దిగినా ఒక ట్రేడ్‌లో 75 రింగిట్లకు మించి పోనివ్వకండి. డబ్బు కట్టకుండా కొని రెండు రోజుల్లో అమ్మేసే కాంట్రా జోలికి అసలు వెళ్లకండి.

దీపం మానొద్దు. వెలిగించాక, ఆర్డర్ పెట్టేముందు, ఎక్కడ అమ్మేస్తారో ఆ ధర పసుపు అంటిన ఆ చేత్తోనే రాసి దేవుడి పటం దగ్గర పెట్టండి. రాశాక మార్చకండి.

బుర్సా సోమవారం 9 గంటలకు తెరుస్తారు. ఆ పూట తెర ముందు కూర్చోకండి. మీ ఆవిడను వెంటబెట్టుకుని తాకట్టు కొట్టుకు వెళ్లండి, చీటీ మర్చిపోకుండా.